పిచికారీతో తాగించాను

ఒట్టు మేష్టారూ, ఈ కత్తి మీద ఒట్టు, నేను చెప్పేది మీరు చచ్చినా నమ్మరు. నవ్వకండి! మూతి కదిలితే తెగేది మీ చెంపే, నాది కాదు. నురగ పూశాక నాకు ఎదురు చెప్పిన మగాడు ఇంతవరకూ పుట్టలేదు.

ఎవరి సంగతా? మా మనవరాలండీ, మిరపగింజ. ఇంకా రెండేళ్ళు నిండలేదు. దాని పంతం ముందు దున్నపోతు కూడా సిగ్గుపడి పక్కకి తప్పుకుంటుంది. రెండు రోజులు వాంతులు, విరేచనాలు. డాక్టరమ్మ పొడి ప్యాకెట్లు చేతిలో పెట్టి, "నీళ్ళలో కలిపి కొంచెం కొంచెంగా పట్టిస్తూనే ఉండండి. సాయంత్రానికి ఒంటేలు పోయకపోతే తీసుకొచ్చెయ్యండి, సెలైన్ ఎక్కించాలి" అంది. చెప్పడానికేం, ఎంతసేపు! పట్టించేది ఆవిడా?

మా ఇంట్లో చదువుకున్న వెధవలకి కొదవ లేదు. మావాడు సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు కదా, ఫోన్లో కుక్కపిల్లని చూపిస్తూ చెంచా పెట్టాడు. అది కుక్కపిల్లని చూసి నవ్వింది, చెంచాని చూసి నోరు మూసింది. మూసిందంటే ఏమనుకున్నారు? బ్యాంకు లాకరు నయం. మా ఆవిడ పోలీసొస్తాడని బెదిరించింది. ఆ పోలీసే వస్తే దీనికి సెల్యూట్ కొట్టి పోతాడు, పాపం.

ఇక మా వియ్యపురాలు. ఆవిడకి రాని విద్య లేదు. ముక్కు మూసి పోసేద్దామంది! "వదినగారూ, పొలమారి ఊపిరాడకపోతే మీ తెలివొచ్చి బతికిస్తుందా?" అని గిన్నె లాక్కున్నా. అలిగి పెరట్లో కూర్చుంది. కూర్చోనీ, ఇంట్లోకి కాస్త గాలొచ్చింది.

ఒక్కసారి మటుకు పావు చెంచా లోపల పడింది. అది ఉమ్మిన ఉమ్ముకి, మేష్టారూ, ఎదురు గోడ మీది క్యాలెండరు మేకుతో సహా ఊడి కింద పడింది. ఏంటా చూపు? మేకు తెచ్చి చూపించమంటారా?

మధ్యాహ్నం దాటింది. పిల్ల ఏడుస్తోంది, కన్నీళ్ళు రావట్లేదు. చూశారా ఎప్పుడైనా, తడి లేని ఏడుపు? పెదాలు అట్టల్లా ఎండిపోయాయి. పొద్దున్న వేసిన లాగు పొడిగానే ఉంది. మా కోడలు ఊరికే దాన్ని తడిమి చూడ్డం. ఆ అమ్మాయి తిట్టినా బాగుండేది.

అప్పుడు లేచా. "తప్పుకోండి దద్దమ్మల్లారా" అన్నా. ముప్పై ఏళ్ళుగా ఈ కుర్చీలో ఎన్ని వేలమంది పిల్లలు గుక్కపట్టి ఏడ్చారు? ఒక్కడి చెవైనా తెగిందా? పిల్లని భుజాన వేసుకుని, మందు గిన్నె, ప్యాకెట్లతో కోడల్ని వెంటబెట్టుకుని ఇక్కడికే తెచ్చా. ఇదే కుర్చీ. కుర్చీ చేతుల మీద అడ్డంగా చెక్క వేసి కూర్చోబెట్టా. మెడకి గుడ్డ కట్టా. ఎదురుగా అద్దం. తలకి నీళ్ళు కొట్టే పిచికారీ సీసా ఉందే, అలాంటిదే కొత్తది విప్పి, మరిగిన నీళ్ళతో కడిగి, మందునీళ్ళు పోసి, దాని చేతికే ఇచ్చా. "తాత నోట్లో కొట్టవే" అన్నా.

దానికి అంతకంటే ఏం కావాలి? కళ్ళు మెరిశాయి. నేను నోరు బావిలా తెరిచా. కొట్టింది.

మేష్టారూ, ఉప్పు! నాలుక చుట్ట చుట్టుకుపోయింది. సముద్రాన్ని కాచి కాచి ఓ గ్లాసుకి తెచ్చినట్టుంది. దీన్నా పొద్దున్నించీ పిల్లకి పొయ్యాలని చూస్తున్నాం? అంతమందిమి ఉన్నాం, ఒక్కరంటే ఒక్కరం నాలిక మీద వేసుకుని చూడలేదు!

కోడలు ఖాళీ ప్యాకెట్టు తిప్పి చూసింది. "మామయ్యా, ప్యాకెట్టుకి లీటరు నీళ్ళని రాసుందే. మీరెన్ని పోశారు?"

పోసిందెంతా? గ్లాసుడు. అవునండీ, కలిపింది నేనే. ఇంకెవరు? సబ్బు నురగ చిక్కగా ఉంటేనే కదా కత్తి నున్నగా నడిచేది, నీళ్ళెక్కువైతే చెంప మండుతుంది. మందూ అంతే అనుకున్నా. చిక్కగా ఉంటే గట్టిగా పనిచేస్తుందనుకున్నా.

"కళ్ళజోడు మర్చిపోయానమ్మా, అక్షరాలు కనపళ్ళేదు" అన్నా. నా మొహంలోకి ఓ క్షణం చూసింది. డాక్టరమ్మకి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆవిడ తిట్లు నాకిక్కడిదాకా వినబడ్డాయి. అది పారబోసి సరిగ్గా కలిపి పట్టమంది, గంటలో తీసుకొచ్చి చూపించమంది.

కోడలే లీటరు కొలిచి కలిపింది. ఇక చూడండి నా తడాఖా! నాకో పిచికారీ, దానికో పిచికారీ. నా నోట్లో పడితే నేను చచ్చినట్టు కింద పడాలి. దాని నోట్లో పడితే అది అద్దంలో చూసుకుంటూ చప్పరించాలి. మూడొందల సార్లు పడ్డా. సరే, నూట యాభై. నా నడుముని అడగండి. గంట కావస్తుండగా, చెక్క మీంచి వెచ్చగా కారి నా చెప్పుల్లో పడింది. కోడలు నేల మీద కూలబడి ఏడ్చేసింది. నేనా? నేనెందుకేడుస్తా? మందునీళ్ళు కళ్ళలో పడ్డాయంతే. డాక్టరమ్మ చూసి, ఈ పూటకి సూది అక్కర్లేదంది.

బజారంతా ఏం చెప్పానో విన్నారుగా? ప్యాకెట్టు చేసినవాడు ఉప్పెక్కువేశాడని. అందరూ తలూపారు, గొర్రెలు.

మీకొక్కరికే చెప్తున్నా, ఎలాగూ మీ నోరు నురగలో ఉంది. నాకసలు కళ్ళజోడే లేదు. ఎప్పుడైనా చూశారా నా మొహాన? ఇరవై ఏళ్ళుగా మీ ఎదుట పేపరు విప్పి, అయ్యో, ఆహా అంటున్నానే, అవన్నీ బొమ్మలు చూసే. అక్షరమ్ముక్క రాదు. ఎన్నిసార్లు తలకిందులుగా పట్టుకున్నానో, మీరు కనిపెట్టనే లేదు. గొప్ప మేష్టారు!

పిల్లది పంతం కాదండీ. నోరు మండి మూసుకుంది. పంతమని పేరు పెట్టింది నేను.

ఏంటి గొణుగుతున్నారు? అసలు తాగించింది సరిగ్గా కలిపిన కోడలంటారా? సరే, విరేచనాలింకా పూర్తిగా కట్టలేదు, ఇవాళ కూడా పట్టించాలి. మీరే రండి. మీ చదువంతా మోసుకుని రండి. ప్యాకెట్టు మీద రాసిందంతా గట్టిగా చదవండి, పొల్లు పోకుండా కలపండి, నేను గడప బయట నిలబడతా. నేను కింద పడకుండా దానిచేత ఒక్క గుటక, ఒక్కటంటే ఒక్క గుటక మింగించండి చూద్దాం!