తెల్లచేప పసుపెక్కింది

హలో… ఆ, నేనే. చెప్పండి అల్లుడుగారూ. ఏం తగలేశారో చెప్పడానికి ఎప్పుడు ఫోన్ చేస్తారా అని పొద్దున్నించీ ఎదురుచూస్తున్నాను.

… పసుపెక్కిందా? ఎంత పసుపు?

… కాస్త అంటే? వెన్న రంగా, పాచిపళ్ల రంగా?

… ఆహా. పాచిపళ్లు. శుభం.

— వద్దు, ఫొటో పంపకండి. ఒక చెయ్యి విరిగి ఇప్పటికే కట్టులో ఉంది. ఇప్పుడు గుండె కూడానా?

… సాయంత్రం గాలాల కొట్టాయన వస్తాడు. గుర్తుందిగా నేనేమన్నానో? తెల్లచేప ఎరలు తెల్లగా వస్తే షెడ్డు అమ్మాయిదీ మీదీ. రాకపోతే అచ్చులు, ఓవెను, మిగిలిన రంగులు, అన్నీ ఆయనకే అమ్మేస్తాను. మాటంటే మాటే.

… కాస్త పసుపైతే చేపకేం తెలుస్తుందా! భలేవారే. గాలానికి గుచ్చే ప్లాస్టిక్ ఎర అంటే నీళ్లలో చేప దాన్ని చూసి, ఇది నిజం చేపపిల్లే అనుకుని నోరు తెరవాలి. మీ పసుపుదాన్ని చూస్తే, పాపం దీనికేదో జబ్బు చేసిందని పక్కకి తప్పుకుంటుంది.

… నవ్వడం లేదు. నవ్వుతున్నట్టు వినపడుతోందా మీకు?

సరే, ఏం చేశారో మొదటినించీ చెప్పండి. నీళ్లు నమలకుండా.

… ప్లాస్టిక్ ద్రవం కప్పులో పోశారు. తెల్లరంగు కలిపారు. మైక్రోవేవ్ ఓవెన్లో పెట్టారు. ఊఁ. ఎంతసేపు?

… ఒకేసారా! మధ్యలో తియ్యలేదా?

… అదేమన్నా చలి కాచుకుంటోందా, లోపల కూర్చోబెట్టి వెళ్లిపోవడానికి? కొంచెం వేడి చెయ్యాలి, తియ్యాలి, అడుగునించి మెల్లగా కలపాలి, థర్మామీటరు ముంచి చూడాలి, మళ్లీ పెట్టాలి. అంచులు ఇంకా పచ్చిగా ఉండగానే నడిమధ్యలో మాడిపోతుంది. ఆ మాడిందే మీ పసుపు.

… కలిపారా. ఎప్పుడు, మాడాకా? బాగుంది. మధ్యలో ఉన్న మసిని కప్పంతా పంచిపెట్టారన్నమాట.

… అచ్చులో పోసేలోపే గట్టిపడిందని మళ్లీ వేడి చేశారు. ఆ తర్వాత?… మళ్లీనా?… మళ్లీ!

అల్లుడుగారూ, అది టీ కాదండీ, చల్లారినప్పుడల్లా పొయ్యి మీద పెట్టుకోడానికి. ఎన్నిసార్లు కాగితే అంత ముదురుతుంది రంగు. నల్లచేపకైతే ఎవడూ కనిపెట్టలేడు. తెల్లచేప దాచుకోలేదు.

… ఏంటీ, ఇంకాస్త తెల్లరంగు పోసి కప్పేద్దామనుకున్నారా? అబ్బబ్బ, ఏం బుర్రండీ! కుందేళ్ల వ్యాపారం కూడా ఈ బుర్రతోనేగా మొదలుపెట్టారు?

… ఎందుకు ఎత్తకూడదు? ఎత్తుతాను. కుందేలు నేలలో కన్నాలు తవ్వుతుందని పసిపిల్లలకి కూడా తెలుసు. తమరికి మాత్రం అన్నీ వెళ్లిపోయాక తెలిసింది.

… ఊఁ. సరే, నిన్న పోసినవి తెల్లగానే వచ్చాయన్నారు కదా? అవెక్కడ?

… ఎందులో?

… ఎర్రవాటితో కలిపి ఒకే డబ్బాలోనా! ఓరి దేవుడో. మెత్తటి ప్లాస్టిక్ పక్కదాని రంగు పీల్చేస్తుందండీ. అందుకే గదా ఏ రంగుకి ఆ సంచీ విడిగా పెట్టాను! వెళ్లి మూత తీసి చూడండి. ఈపాటికి గులాబీరంగు తిరిగి ఉంటాయి.

… తిరిగాయా? చూశారా, వాటికైనా సిగ్గుంది.

… బతిమాలకండి. మీరు బతిమాలితే నాకు ఇంకా చిరాకొస్తుంది.

… మందా? ఆ, ఉంది. వేడికి రంగు మారకుండా ఒక మందు కలుపుతాను. నేనెప్పుడూ కలుపుతాను.

… చెప్పను. ఎందుకు చెప్పాలి? నాకెవడు చెప్పాడు? వేళ్లు కాల్చుకుని, కప్పులకి కప్పులు పారబోసుకుని నేర్చుకున్నాను. తమరేమో మావగారి షెడ్డులో కాళ్లు చాపుకుని, ఫోన్లో నేర్చేసుకుంటారా?

… వినండి, నేను మాట్లాడుతున్నాను. ఈ పనికి చెయ్యి కుదరాలి. ఆ కప్పు పట్టుకున్న చేతుల్ని నేను చూడక్కర్లేదు, ఆ పసుపే చెబుతోంది. ఓపికలేని చేతులు. మొద్దు చేతులు. గోడకి సున్నం కొట్టడానికి కూడా పనికిరాని చేతులు. అలాంటి చేతులకి నా అచ్చులు ఇచ్చేకంటే—

… ఏమిటీ?

… మీరు కాదా? మీరు కాకపోతే ఎవరు పోశారు, దెయ్యమా?

…

ఎవరూ?

… మా అమ్మాయా? మా అమ్మలూనా?

… ఎప్పట్నించి?… నా చెయ్యి విరిగినప్పట్నించీనా! మరి మొన్నటి ఆకుపచ్చవి? నేను కొట్టాయనకి చూపించి, మా అల్లుడికి ఇప్పుడిప్పుడే చెయ్యి తిరుగుతోందండీ అని… అవీ తనేనా?

… మరి మీరేం చేస్తున్నారక్కడ?… అచ్చులు కడుగుతున్నారా.

… తెల్లవాటిని ఆ ఎర్రవాటి డబ్బాలో పెట్టింది మాత్రం మీరేగా? హమ్మయ్య.

… ఎందుకు దాచారు నా దగ్గర?… అన్నాను. అవును, దాన్ని షెడ్డు గుమ్మం దాటి లోపలికి రావద్దన్నాను. నీకు రాదు, నీవల్ల కాదు అని కూడా అన్నాను. అయితే?… గుమ్మంలో నించుని చూసే నేర్చుకుందా?

… ఇప్పుడెక్కడుంది తను?

… పక్కనేనా? అంతా వింటోందా?… చేతుల సంగతి కూడానా?

… ఫోన్ ఇవ్వండి దానికి. ఇవ్వండి అల్లుడుగారూ.

… అమ్మలూ.

… అది కాదమ్మా. నేను మీ ఆయనే అనుకుని…

… ఆయన్నయితే అనొచ్చని కాదు. అబ్బ, నా నోటికి అదుపులేదని నీకు తెలియదా? మీ అమ్మనడుగు.

… అవును, మందేమిటని అడిగాడు. నేనే చెప్పలేదు. నువ్వడిగించావని నాకేం తెలుసు?… తెలిస్తే చెప్పేవాణ్ణా? చెప్పేవాణ్ణి… చెప్పేవాణ్ణేమో. ఏడుస్తున్నావా?

… విను. తలుపు వెనకాల తుడుపుగుడ్డల డబ్బా ఉంటుంది. అడుగున చిన్న సీసా. కప్పులో రెండే చుక్కలు, వేడి చెయ్యకముందే. ఆ మాడినది పారెయ్, దాన్ని బాగుచెయ్యలేం. కొత్త ద్రవం తీసుకో. కొంచెం కొంచెం పోసుకో, మిగిలేటట్టు కలపకు. ఉండు, నేను ఇప్పుడే బయల్దేరి వస్తున్నాను, దగ్గరుండి—

… రావద్దా?

… నా షెడ్డుకి నేను రావద్దా!

… కొట్టాయన వచ్చినా తెరవవా?… నేనొచ్చినా?… అదేం మాటే, లోపల గడియ పెట్టుకోవడమేంటి? ఆ గడియ ఎవరు బిగించారనుకున్నావు? ఈ చేతుల్తో…

…

సరే.

… సరే అన్నానుగా తల్లీ. రాను. ఎవరికీ అమ్మను కూడా. పెట్టుకో గడియ. కిటికీ మాత్రం తీసి ఉంచు, ఆ పొగ మంచిది కా—

హలో… హలో?