ముప్పావు అంగుళం పైపు

లీడ్స్‌లో భార్య పుట్టిల్లయిన ఒక పాత ఇంటి మేడ మీద, నీళ్లు కారుతున్న పైపు ముందు భార్యాభర్తలు కూర్చున్నారు. ముందు భార్యే అంది.

"ఇంకా కారుతోంది."

"గట్టిగా బిగించాను కదే!"

"బిగిస్తే ఏం లాభం? మా నాన్న అప్పట్లో వేసింది ముప్పావు అంగుళం పైపు. నువ్వు తొడిగింది ఇరవై రెండు మిల్లీమీటర్ల జాయింటు."

"అర అంగుళం పైపుకి పదిహేను మిల్లీమీటర్లది సరిపోయిందిగా! ఇదీ అంతే అనుకున్నా."

"అంగుళాలు పాత పైపు లోపలి కొలత, మిల్లీమీటర్లు బయటి కొలత. అది సరిపోతుంది, ఇది వదులవుతుంది. దీనికి లోపల వేరే రింగు వెయ్యాలి. షాపులో అడగడానికి నామోషీ నీకు!"

"పొద్దున వంటింట్లో ముప్పావు అంగుళం గ్యాస్ పైపుకీ ఇదే జాయింటు వేశాను."

"అమ్మేది?"

"టీ పెడతానని ఇప్పుడే కిందికెళ్లింది."

"అమ్మా! అగ్గిపుల్ల గియ్యకు!"