తన నివేదికను తానే రద్దు చేయించిన ప్రభాకర్ గారు

1990 జూలై పదహారవ తేదీ, సోమవారం ఉదయం ఆలూరు నుంచి సైకిల్ మీద వచ్చి, చేవెళ్లలోని మన ప్రాంతీయ నీటి పరీక్షా కేంద్రంలో సహాయ రసాయన శాస్త్రజ్ఞులుగా చేరిన శ్రీ ప్రభాకర్ గారు, ముప్పై ఐదేళ్ల అవిచ్ఛిన్న సేవ అనంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు.

తొలి పదేళ్లు వారు షాబాద్, మొయినాబాద్ మండలాల్లో తిరగని ఊరు లేదు, నీళ్లు పట్టని బోరు లేదు. ఆలస్యంగా వచ్చిన సిబ్బందిని వారు ఎన్నడూ కసురుకోలేదు. గడియారాన్ని ఒకసారి, మనిషిని ఒకసారి చూసేవారు. ఆ చూపుకన్నా తిట్లే నయమని మనలో చాలామందికి అనిపించిన మాట నిజం. 2004లో సీనియర్ శాస్త్రజ్ఞులయ్యారు.

2009 ఆగస్టులో, ముసురు పట్టిన ఒక ఉదయం, వాడేసిన ఇంజన్ ఆయిల్‌ను తరలిస్తున్న ట్యాంకర్ మొయినాబాద్ దాటాక బోల్తా పడింది. ఆయిల్ వాగులో కలిసి ఎంకపల్లి వైపు పారింది. ఒడ్డున ఉన్న బావుల నీటిని మన సిబ్బంది అలవాటు ప్రకారం ప్లాస్టిక్ డబ్బాల్లో పట్టి తెచ్చారు. ప్రభాకర్ గారు పరీక్షించి, నీరు తాగుటకు యోగ్యమని సంతకం చేశారు. ఆ కాగితాన్ని పంచాయతీ గోడకు అతికించారు.

పదకొండో రోజున సక్కుబాయి అనే రైతు మహిళ ఆ కాగితాన్ని గోడ నుంచి ఊడబీకి, నేరుగా వారి బల్ల మీద పెట్టింది.

“సారూ, నీళ్లు మంచిగున్నయని మీరు రాసిండ్రు. మా బర్రె మూతి పెడుతలేదు. ఈ కాయితం దానికెట్ల సదివి చెప్పాలె?”

గదిలో ఒకరిద్దరు నవ్వారు. ప్రభాకర్ గారు నవ్వలేదు. లేచి వెళ్లి, ఆ బావుల నీళ్లు తెచ్చి, మూలన పడేసిన ఖాళీ డబ్బాలో వేలు పెట్టి చూశారు. వేలు జారింది. ఆయిలంతా ప్లాస్టిక్ గోడకే అంటుకుపోయింది, తాము పరీక్షించింది మిగిలిన నీటినే! ఆయిల్ పరీక్షకు గాజు సీసా వాడాలని చదువుకున్న మనిషి, ఏ డబ్బాలో వచ్చాయని ఒక్కమాట అడగలేదు. పదకొండు రోజులుగా పిల్లా జెల్లా ఆ నీళ్లు తాగుతున్నది తన సంతకాన్ని నమ్మే.

“అవ్వా, తప్పు నాది. ఆ నీళ్లు ఎవ్వరు ముట్టకుండ్రి. నేను నీ ఎంబడే వస్తున్న.”

అప్పటి పై అధికారి వారి మేలు కోరే ఆపారు. “కొత్త రిపోర్ట్ పంపు, అయిపోతది. పాతదాని ముచ్చట ఎందుకయ్యా?”

“పాతదాన్ని నమ్మే తాగుతున్నరు సార్,” అన్నారు ప్రభాకర్ గారు.

ఆ సాయంత్రం ఎంకపల్లి పంచాయతీ ముందు నిలబడి, తమ నివేదిక తప్పని, అది రద్దయిందని గట్టిగా చదివారు. జనం అన్న మాటలన్నీ తల వంచుకుని విన్నారు. మర్నాటి నుంచి ఊరికి ట్యాంకర్లతో మంచినీళ్లు వచ్చాయి. ప్రభాకర్ గారికి మాత్రం సంజాయిషీ నోటీసు వచ్చింది. రావలసిన పదోన్నతి నాలుగేళ్లు వెనక్కి పోయింది.

ఆ సంజాయిషీలో వారు తమను సమర్థించుకోలేదు. మూడు సూచనలు మాత్రం రాశారు: ఆయిల్ నమూనాను గాజు సీసాలోనే పట్టాలి, పట్టేటప్పుడు ఊరివాళ్లు సాక్షులుగా ఉండాలి, అన్నిటికన్నా ముఖ్యంగా, అనుమానం ఉన్నప్పుడు ముందు నీళ్లు ఆపాలి, పరీక్ష ఆ తర్వాత చేయాలి. శాఖ నియమించిన సంఘం ఏడాది పాటు చర్చించి, వాటినే నిబంధనలుగా మార్చింది. అంతవరకు ప్రమాదం రుజువయ్యేదాకా నీళ్లు పారుతూనే ఉండేవి. ఇప్పుడు క్షేమం రుజువైతేనే పారుతున్నాయి. ఒక విధానం ఇలా తలకిందులు కావడానికి పెద్ద పెద్ద సదస్సులు కావాలని మనం అనుకుంటాం. ఇక్కడ ఒక మనిషి సిగ్గుపడటం సరిపోయింది.

ఈ సంచిక కోసం వారి ఛాయాచిత్రం అడగడానికి మన యువ శాస్త్రజ్ఞురాలు సాహిత్య వెళ్లినప్పుడు, వారు ఫోటోకు బదులు పాత ఫైలు తీసి ఇచ్చారు. “ఇది అచ్చు వెయ్యి బిడ్డా. నా ఫోటో చూస్తే కొత్తోళ్లకు ఏం తెలుస్తది?”

వారి ఇష్టప్రకారం, ఛాయాచిత్రం ఉండవలసిన ఎదుటి పుటలో ఆ తప్పు నివేదికను సంతకంతో సహా ముద్రించాం. ఆ సంతకం చేసిన చేతికి వణుకు రాకుండా, ఆ మనసుకు ఇకనైనా పూర్తి నెమ్మది కలిగి, శ్రీ ప్రభాకర్ గారు శ్రీమతి మమత గారితో కలిసి నిండు ఆరోగ్యంతో నూరేళ్లు వర్ధిల్లాలని, వారి దగ్గర తప్పు ఒప్పుకోవడం నేర్చుకున్న మనమందరం మనసారా కోరుకుందాం.