నేను తలూపిన సంగతి

ఏమే, ఆ సంచి పక్కన పెట్టి ఇట్టా వచ్చి కూర్చో. నరసరావుపేట కళ్ళ డాక్టరు ఏమడిగాడో మళ్ళీ చెప్పు. "మీ ఇంట్లో పైతరాల్లో ఎవరికన్నా నీటికాసులు ఉండేయా" అనా? నువ్వేమన్నావు? నాయనమ్మనడిగి చెప్తా అన్నావా? మంచిపని చేశావు. ఇదే మాట పదేళ్ళ కిందట మీ నాయన్ని తీసుకపోయినప్పుడు కూడా అడిగారు, పక్కన నేనే ఉన్నా. ఏం చెప్పానో తెలుసా? "అబ్బే, లేదయ్యా, మాయింట్లో ఎనభై ఏళ్ళకి కూడా సూదిలో దారం ఎక్కిచ్చేవోళ్ళు" అన్నా. ఆయన అట్టాగే రాసుకున్నాడు. అందుకే నిన్నూ నీ తమ్ముణ్ణీ పరీక్షకి పిలవనంపలా, పదేళ్ళు పోయినయ్. మీ నాయన యాడున్నాడు? పందిరి కింద రేడియో ఇంటన్నాడా? ఇననీలే. నేను మెల్లగా చెప్తా. మెల్లగా చెప్పడం నాకు రాదనుకో, మీ తాత ఎప్పుడూ అదే తిట్టేవోడు, "ఎస్తేరు గుసగుసలాడితే పక్కూరికి ఇనిపిచ్చిద్ది" అని.

సూదిలో దారం మాట అబద్ధం కాదు, అదే నా ఖర్మ. మా నాయన యోహాను పంతులు నిజంగానే ఎక్కిచ్చేవోడు. బొల్లాపల్లి అవతల మా పల్లెలో మిషనోళ్ళ బడికి ఆయనే పంతులు. పూరిపాక. ఆరు రోజులు బడి, ఆదివారం అదే గుడి. ఆయన ఉండే ఇల్లు కూడా మిషనోళ్ళదే, బడి పోతే ఇల్లు పోయినట్టే. అప్పుడు జర్మనీ యుద్ధం జరగతా ఉంది, కిరసనాయిలు దొరికేది కాదు, కాయితం దొరికేది కాదు. మిలిట్రీకి పోయిన పిల్లలు కార్డుముక్క మీద చీమల బారులాగా రాసేవోళ్ళు, అంచుల్లో కూడా, తలకిందులుగా కూడా. ఆ కార్డు తిప్పి తిప్పి చదివి పెట్టేది మా నాయనే. తల్లులు ముందు కూర్చోని ఏడస్తా ఉంటే ఒక్క అక్షరం పోనిచ్చేవోడు కాదు. ఆ చిన్న అక్షరాలు చదివే మనిషి దారిలో కట్టేసిన గేదెకి తగులుకొని పడితే ఎవడన్నా ఏమనుకుంటాడు? నువ్వు చెప్పు.

పడ్డం మొదలైంది నాకు పద్నాలుగో పదిహేనో ఉన్నప్పుడు. ముందు పడ్డం కాదులే, పలకరింపులు పోయినయ్. పక్కనించి "దండాలు పంతులుగారూ" అంటే ఎవరో తెలీక అటూ ఇటూ చూసేవోడు, ఒక్కోసారి పలకకుండానే పోయేవోడు. "ఏంది, యోహానుకి ఎక్కడలేని పొగరొచ్చిందే, మనం కనపడటంలా" అని మొదలుపెట్టారు. బడిలో వరస చివర కూర్చున్న పిల్లలు పాక్కుంటా బయటికిపోయి గోళీలాడుకొని వచ్చేవోళ్ళు, ఆయనకి తెలిసేది కాదు. నడిమధ్య కూర్చున్నోడు పలక మీద ఒక్క కొమ్ము తప్పు పెడితే మాత్రం పట్టేసేవోడు. వాడు ఏడ్చేవోడు, "నాకొక్కడికేనా దెబ్బలు" అని. నవ్వొస్తందా? నవ్వు. మేమూ నవ్వాం. గడపకి భుజం కొట్టుకుంటే నవ్వాం, నీళ్ళ బిందె తన్నితే నవ్వాం. తర్వాత నవ్వు పోయి సిగ్గు మొదలైంది. ఆయన పక్కన వీధిలో నడవాలంటే నాకు తల కొట్టేసినట్టుండేది. నాలుగడుగులు వెనకబడి నడిచేదాన్ని.

ఒకనాడు నాతోనే అన్నాడు. బావికాడ చేదకి తాడు కడతా ఉన్నా. "ఎస్తేరూ, కుర్రతనంలో పూడిక తీయడానికి బావిలోకి దిగేవోణ్ణి. అడుగున నిలబడి పైకి చూస్తే ఆకాశం పళ్ళెమంత కనపడేది, చుట్టూతా చీకటి. ఇప్పుడు గట్టుమీద నిలబడ్డా నాకట్టాగే ఉంది" అన్నాడు. నొప్పి లేదు, ఎరుపు లేదు, నీరు కారడం లేదు. మా అమ్మ సుందరికి పోయి చెప్పా. ఆమె నా నోరు గట్టిగా మూసి పట్టుకుంది. "కారంపూడోళ్ళు నిన్ను చూసిపోయి పట్టుమని పదిరోజులు కాలా. కళ్ళ మాట బయటికొచ్చిందా, వాళ్ళింక ఈ గడప తొక్కరు. తాగుబోతు కూతుర్నన్నా చేసుకుంటారే, గుడ్డోడి కూతుర్ని చేసుకోరు. పుట్టే పిల్లలకొచ్చిద్దంటారు" అంది. ఇన్నావా? మా అమ్మకి అక్షరమ్ముక్క రాదు, అయినా రక్తంలో వచ్చే సంగతి తెలుసు. తెలిసే దాచింది. నేనూ దాచా. మీ తాతని అప్పటికి ఒక్కసారే చూశా, గళ్ళ చొక్కా ఏసుకొని చెవులు కొంచెం పెద్దగా ఉండె. నచ్చాడు. ఇప్పుడు సిగ్గేంది, నచ్చాడు.

ఇంక ఆ ఆదివారం. నెల మొదటి ఆదివారం ప్రభుబల్ల ఉండేది మాకు. పాస్టరు అయ్యగారు బండి కట్టుకొని వచ్చేవోడు, ద్రాక్షరసం గిన్నె పట్టుకొని వరసల్లోకి తీసుకుపోయేది మా నాయన. మొగోళ్ళు ఒక పక్క, ఆడోళ్ళు ఒక పక్క, అందరం నేలమీదే. మా నాయన గిన్నె మీదే చూపు పెట్టుకొని వస్తన్నాడు. సంఘపెద్ద దేవదానం పెళ్ళాం వరస చివర కాలు చాపుకొని కూర్చుంది. కాలు తగిలింది. గిన్నె గిన్నెంతా ఆమె తెల్లకోక మీద పడింది. ప్రభువు రక్తమని తాగేదది, నేలపాలైంది.  ఎవత్తో వెనకనించి అంది, "పొద్దున్నే ఏసుకొచ్చినట్టున్నాడు" అని. అంతే. పొగరు లేదు, ఏం లేదు, అన్నిటికీ జవాబు దొరికింది వాళ్ళకి. ఊగతా నడవడం, గోడలకి కొట్టుకోవడం, పలకరిస్తే పలక్కపోవడం, అన్నీ ఆ ఒక్క మాటలో సరిపోయినయ్. మా నాయన చుక్క ముట్టి ఎరగడే! ఈతచెట్ల దారి కాకుండా చుట్టు తిరిగిపోయే మనిషి!

మధ్యాహ్నం అదే పాకలో అయ్యగారూ పెద్దలూ కూర్చున్నారు. మా నాయనని మధ్యలో నిలబెట్టారు. దేవదానం అడిగాడు, "ఏంది పంతులూ, ఏం జరిగింది?" "అయ్యా, నాకు పక్కల కనపడటంలేదు" అన్నాడు మా నాయన. "పక్కల కనపడకపోవడమేంది? కనపడితే అంతా కనపడిద్ది, లేకపోతే ఏదీ కనపడదు." దేవదానం దుర్మార్గుడు కాదమ్మా, నేనట్టా అనను. న్యాయంగా చేద్దామనే లేచి చిన్నచ్చు బైబిలు తెప్పిచ్చాడు, దొరలు పంపిన అంగుష్ఠమంత పుస్తకం, దాంట్లో అక్షరాలు నువ్వు కూడా చదవలేవు. పొడుగాటి కీర్తన ఒకటి తీసి చేతికిచ్చాడు. చదవలేకపోతే కళ్ళదోషం, చదివితే తాగుడు, అదీ వాళ్ళ పరీక్ష. మా నాయన అర్థం చేసుకున్నాడో లేదో. రెండు చోట్ల తడబడితే సరిపోయేది, ఇల్లు నిలబడేది. ఆ మనిషికి చదవడం ఇస్తే ఆగుతాడా? గొంతు సవరించుకొని మొదటినించి చివరిదాకా గంట కొట్టినట్టు చదివి పుస్తకం మూసి ముద్దుపెట్టుకొని ఇచ్చాడు. అందరూ మొహాలు చూసుకున్నారు. "కళ్ళు బెమ్మాండంగా ఉండయ్ పంతులూ" అన్నాడు దేవదానం. ఆ మాటతోనే తేలిపోయింది.

అయినా చివరగా నన్ను పిలిచారు. ఎందుకంటే మా అమ్మ రాలేదు, తలుపేసుకొని కూర్చుంది. నేను మా నాయనకి ఎడమపక్క, రెండు మూరల దూరంలో నిలబడ్డా. "ఎస్తేరూ, దేవుని బల్ల ముందు అడగతన్నా. మీ నాయన దగ్గర కల్లు వాసన వచ్చిద్దా?" అన్నాడు దేవదానం. నేను నోరు తెరిచి రాదని అంటే, అప్పుడు కళ్ళ మాట నిజమవుద్ది. కారంపూడికి గంటలో పోయిద్ది ఆ మాట. నాకు గళ్ళ చొక్కా కళ్ళల్లో ఆడింది. నోరు తెరవలా. తలూపా. అవునని తలూపా. ఒక్కసారి కాదు, వాళ్ళు సరిగ్గా చూడలేదేమోనని రెండోసారి కూడా ఊపా. మా నాయన అయ్యగారి మొహం వంకే చూస్తా నిలబడి ఉన్నాడు. పక్కనున్న నేను ఆయనకి చీకట్లో ఉన్నాగా. నా గొంతు ఇనపడకపోయేసరికి నా కోసం మెడ మొత్తం ఇటు తిప్పాడు. ఆ తిప్పేలోపు నా తల ఆగిపోయింది.

ఇంటికొచ్చేటప్పుడు ఆయనేమన్నాడో చెప్తా, ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలా, మీ తాతకి కూడా. నా భుజం మీద చెయ్యేసి, "అంతమంది అంతన్నా నువ్వు నా మీద ఒక్క మాట చెడ్డ చెప్పలేదు తల్లీ. నోరు మూసుకొని నిలబడ్డావు. నాకది చాలు" అన్నాడు. నేనేం చెయ్యాలే? చెయ్యి తీసేయాలా, ఉంచుకోవాలా? ఉంచుకున్నా. ఇంటిదాకా నడిపిచ్చా. ఆ వారమే బల్లలోంచి తీసేశారు, బడి పోయింది, ఇల్లు పోయింది. మేమొచ్చి మా మేనమామ పశువుల చావిట్లో తలదాచుకున్నాం. మా నాయన జనుము తాళ్ళు పేనేవోడు. ఎండాకాలం నా పెళ్ళి జరిగింది. తాగుబోతు కూతురు, మా అమ్మ చెప్పినట్టే, ఎవరూ ఎదురుచెప్పకుండా చేసుకున్నారు.

మీ నాయన పుట్టిన ఏడు, స్వరాజ్యం వచ్చిన మరుసటేడు, ఎవరో పుణ్యాత్ములు మా నాయన్ని గుంటూరులో దొరసాని డాక్టరు కాడికి తీసకపోయారు. అప్పటికి పళ్ళెమంత ఆకాశం కూడా పోయి రూపాయి బిళ్ళంత మిగిలింది. ఆమె చూసి, కంట్లో నీరు బిగబట్టి లోపలి నరాన్ని నొక్కుద్ది, పోయింది తిరిగి రాదు, నాలుగేళ్ళ ముందొస్తే చుక్కలేసి ఉన్నదాన్ని నిలబెట్టేదాన్ని అందంట. నాలుగేళ్ళంటే ఏ యేడో లెక్కేసుకో, ఆ గిన్నె ఒలికిన యేడే. అది ఇని ఈయన ఇంటికి పోలా. ఎవరిదో మిరపకాయల బండెక్కి నేరుగా కారంపూడి వచ్చాడు, గోడ తడుముకుంటా, మా అత్త చూస్తా ఉండంగా. "ఎస్తేరూ, ఇది రక్తంలో వచ్చిద్దంట. నొప్పి లేదు గదాని ఊరుకోకూడదంట. నువ్వూ పిల్లోడూ ఏడాదికోసారి చూపిచ్చుకోవాలంట. ఏడాదికోసారి, మర్చిపోమాక" అని గట్టిగా, బడిలో చెప్పినట్టు. "మెల్లగా నాయనా, మా అత్త ఇంటది" అన్నా. పిల్లోణ్ణి ఒళ్ళో పెడితే వాడి కళ్ళు రెండూ బొటనేలితో తడిమాడు. అన్నం పెట్టి, ఎండ తగ్గకముందే అదే బండి ఎక్కిచ్చి పంపా. మా అత్త అడిగింది, "మీ నాయనకి కళ్ళట్టా ఎందుకయినయ్యే?" అని. "తాగి తాగి" అన్నా. ఈసారి నోరు తెరిచే అన్నా. మళ్ళా ఆయన్ని చూడలా. వచ్చే వానల్లో పోయాడు.

ఏడవమాక. నేను ఏడవటం లేదు గదా. చిన్నప్పుడు మీ నాయన్ని, ఏసోబుని, ఒక్కసారి చూపిచ్చినా, పాతికేళ్ళప్పుడు చూపిచ్చినా, ఒక కన్ను మొత్తం పోయేదాకా వచ్చేది కాదు. చుక్కల మందు నాడూ ఉంది, నేడూ ఉంది. నా నోరే లేదు. చిన్నచ్చు చదవగలుగుతున్నా గదాని మురిసిపోమాక, అది చూసే మా ఊరు ఊరంతా మోసపోయింది. ఆ డాక్టరుకి చెప్పు, మా ముత్తాత యోహాను పంతులికి ఉండె, ఇంకా నాకు... ఏమో, నేనెప్పుడూ చూపిచ్చుకోలా, నన్ను కూడా తీసకపో సోమవారం. నీ తమ్ముణ్ణి హాస్టలు నించి పిలిపిచ్చు, పరీక్షలున్నా సరే. రాయి, రాసుకో. చుక్కలిస్తే ఒక్కపూట మానకండి, బాగానే ఉంది గదాని మానకండి.

మీ నాయనకా? చెప్పాలి. నేనే చెప్తా. నువ్వు చెప్పమాక, అది నా నోటితోనే జరగాలి. వాడు ఇప్పటికీ మా అమ్మ లాంటిది లేదంటా ఊరంతా చెప్పుకుంటా తిరుగుతాడు. పదేళ్ళనించి రోజుకి మూడుసార్లు చుక్కలు నేనే ఏస్తన్నా గదా, ఏసినప్పుడల్లా చేతికి దండం పెడతాడు. ఇవాళ చెప్తా. వాడు లోపలికి రాగానే, నువ్వు ఇక్కడే కూర్చో, లేవమాక, నువ్వుంటే నేను... రేడియో ఆగింది. వస్తన్నాడు. ఒరేయ్ ఏసోబూ, గడపరా, చూసుకో. ఇట్టా రా. నా పక్కన కూర్చో. ముచ్చట్లా? ఆఁ, నీ కూతురితోనే. నీతో కూడా ఒక మాట... మా నాయన సంగతిరా. మా నాయన...

ఏం లేదులే. సోమవారం నరసరావుపేటకి పొద్దున బస్సు ఎన్నింటికిరా?