ముందు చక్రానికి ఎండ, వెనక చక్రానికి వాన

బోర్డులు రాసే ఆర్టిస్టు టీ కొట్టు బల్ల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడంటే ఇక గంటసేపు ఎవరూ కదలరు. ఈ ఆదివారం సాయంత్రం మరీనూ. సెలూన్ తమ్ముడు సగం గడ్డం గీసిన మనిషిని కుర్చీలోనే వదిలేసి వచ్చాడు. సబ్బు నురగతోనే ఆ మనిషీ వెనకాలే వచ్చాడు. టీ కొట్టు అక్క కూడా పాలగిన్నె దించేసి, చేతులు తుడుచుకుని నిలబడింది. ఇంతమందిని చూసి ఆర్టిస్టు ఛాతీ ఉబ్బింది.

కళ్లు మాత్రం మూల బెంచీ మీదే ఉన్నాయి. అక్కడ మామగారు కూర్చున్నారు. ముప్పై ఏళ్లు తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా చేసి, దొంగ తూకపురాళ్లు పట్టుకుని పట్టుకుని, రిటైరయ్యాక అల్లుడి మాటలు తూచే పనిలో పడ్డ మనిషి. పెళ్లయిన పదకొండేళ్లలో ఆయన నోట 'నమ్ముతున్నా అల్లుడుగారూ' అన్న మాట ఒక్కసారి రాలేదు. పోయిన నెల వచ్చినప్పుడు భోజనాల దగ్గర కూతురితో, "మీ ఆయన చెప్పేదాంట్లో సగానికి సగం తరుగు తీసెయ్యాలమ్మా" అన్నారు. అది ఆర్టిస్టుకి గుండెల్లో గుచ్చుకుంది. అందుకే ఆసుపత్రిలో పిల్లల వార్డు కోసం సైకిలు యాత్ర, ఆనకట్ట దాకా వెళ్లి రావడం, నూట ఇరవై కిలోమీటర్లు అనగానే గేర్లు లేని తన పాత సైకిలుతో అందరికంటే ముందు పేరిచ్చేశాడు. యాత్ర బ్యానరు రాసిందీ తనే.

తీరా ఈ తెల్లవారుజామున బయల్దేరితే వాన. వంతెన దాటేసరికి మోకాళ్లు మొరాయించాయి. పక్క సందులోనే పిన్ని కొడుకు ఇల్లు. ఫోను ఆపేసి, వాడింట్లో దుప్పటి ముసుగేసి సాయంత్రం దాకా పడుకున్నాడు. వచ్చేముందు పెరట్లో బురదలో కుంచె ముంచి, ప్యాంటు మీదా సైకిలు మీదా చిలకరించుకున్నాడు. ఎంతైనా కళాకారుడు కదా, చాలా సహజంగా వచ్చింది.

"చెప్పన్నా, ఎన్నింటికి బయల్దేరావు?" అన్నాడు సెలూన్ తమ్ముడు.

"నాలుగున్నరకి! జెండా ఊపేది ఐదున్నరకట. జెండా కోసం నిలబడే రకమా నేను? తొక్కడం మొదలెట్టా. వంతెన దాటానో లేదో వెనకనుంచి గేర్ల సైకిళ్ల కుర్రాళ్లు పదిమంది, హెల్మెట్లేంటి, నల్లకళ్లద్దాలేంటి, 'బాబాయ్, నీ బండికి గేర్లేవీ' అని ఒకటే నవ్వు."

"వాళ్లూ జెండా కోసం ఆగలేదా అన్నా?"

"ఎక్కడాగుతారు? నేను బయల్దేరానని తెలిసి వాళ్లకీ రోషం వచ్చింది! ఒరేయ్, నా మోకాళ్లే నా గేర్లురా అన్నా. కుడిది ఎక్కడానికి, ఎడమది దిగడానికి. ఇంతలో కొండ వచ్చింది. కొండంటే కొండ కాదు, నిలువు గోడ అనుకో. తొక్కుతుంటే తొక్కుతుంటే చైను ఎర్రగా కాలిపోయింది, దాని మీద చినుకు పడ్డం, సుయ్‌మని ఆవిరి లేవడం, ఆ ఆవిరికి దారి కనబడక కుర్రాళ్లు పదిమందీ రోడ్డు పక్కన కూలబడిపోయారు పాపం. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చైను తెగింది" అంది టీ కొట్టు అక్క.

"నీకెలా తెలుసక్కా? తెగింది! ఇంకొకడైతే కూర్చుని ఏడుస్తాడు. నేను నడుముకున్న బెల్టు ఊడదీసి చైనుకి బదులు బిగించా. ఒక చేత్తో హ్యాండిలు, ఇంకో చేత్తో ప్యాంటు. అలాగే పైదాకా!"

అందరూ గొల్లున నవ్వారు. మామగారు మాత్రం ఒక గుక్క టీ తాగారు. మొహంలో ఏ భావమూ లేదు. ఆర్టిస్టుకి ఒళ్లు మండింది. మోతాదు చాలలేదన్నమాట అనుకుని గొంతు సవరించుకున్నాడు.

"ఇక దిగుడు. అబ్బో, ఏం దిగుడనుకున్నారు! బ్రేకు రబ్బర్లు కరిగి బొట్లుబొట్లుగా కారిపోయాయి. వానకంటే నేనే ముందు పోతున్నా. అబద్ధమైతే నా కుంచె విరిగిపోవాలి. ముందు చక్రానికి ఎండ, వెనక చక్రానికి వాన. గుండీలు పొడి, వీపు తడి!"

"మరి తలకాయో?" అన్నాడు నురగ మనిషి.

"తల రెంటికీ మధ్యలో ఉంది కదా, ముక్కు మీద ఇంద్రధనుస్సు! సరే, ఏడింటికల్లా ఆనకట్ట. అక్కడ చూద్దును కదా, కరెంటు మిషన్లన్నీ ఆగిపోయి ఇంజనీర్లు తలలు పట్టుకుని కూర్చున్నారు. అయ్యో, పిల్లల వార్డులో ఫ్యాన్లు ఆగిపోవూ? సైకిలుకి స్టాండు వేశా, నా డైనమో తీగ తీసి వాళ్ల పెద్ద తీగకి కలిపా, ఎక్కి తొక్కా. అసలు పొద్దున ఇక్కడ కరెంటు పోయిందా లేదా?"

"పోయింది."

"మళ్లీ వచ్చిందా లేదా?"

"వచ్చింది."

"మరి ఎవరనుకున్నారు? ఇంకాస్త గట్టిగా తొక్కితే మీ బల్బులన్నీ మాడిపోయేవి. పోనీలే, మనవాళ్లే కదా అని నెమ్మదిగా తొక్కా."

సెలూన్ తమ్ముడు కళ్లల్లో నీళ్లు తుడుచుకుంటూ, "తిరిగొచ్చేటప్పుడు యాత్రవాళ్లెవరూ ఎదురుపడలేదా అన్నా?" అన్నాడు.

"పడకేం? వందమంది! యాత్ర నడిపించే మందుల షాపాయన జీపు ఆపి, దిగొచ్చి నా రెండు చేతులూ పట్టుకుని, 'నువ్వు మనిషివి కాదయ్యా' అన్నాడు. కావాలంటే ఆయన్నే అడగండి."

టీ కొట్టు అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగిపోయింది. ఆర్టిస్టు గెలిచినవాడిలా మూల బెంచీ వైపు చూశాడు.

"ఏమంటారు మామగారూ?"

మామగారు గ్లాసు కింద పెట్టారు.

"పొద్దున నేను వెళ్లానండీ, యాత్ర బయల్దేరే చోటికి. ఐదింటికే గొడుగేసుకుని వెళ్లా. పదకొండేళ్లలో మొదటిసారి మిమ్మల్ని చూసి సంతోషం వేసింది. మా అల్లుడు పసిపిల్లల కోసం అంత దూరం తొక్కబోతున్నాడు, కళ్లారా చూడాలనిపించింది. అక్కడ మందుల షాపాయన ఒక్కడే ఉన్నాడు. వానకి యాత్ర వాయిదా వేశాం, వచ్చే ఆదివారం పెట్టుకుందాం అని వచ్చినవాళ్లందరికీ చెప్పి పంపేస్తున్నాడు. ఈ వీధిలో అందరికీ తెలుసు, మీకు తప్ప. పది గంటలకి మీ పిన్ని కొడుకు మా అమ్మాయికి ఫోను చేశాడు, గుర్రుపెట్టి నిద్రపోతున్నారు, కంగారుపడకండి అని."

నవ్వు ఆగిపోయింది. నురగ మనిషి కూడా నేల చూపులు చూశాడు. ఆర్టిస్టుకి భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. కోప్పడితే ఎదురు మాట అనేవాడే, వెక్కిరిస్తే ఇంకో కోత కోసేవాడే. సంతోషం వేసిందన్న మాట వినేసరికి మాత్రం ప్యాంటు మీద తను చిలకరించుకున్న బురదని గోటితో గీకడం మొదలెట్టాడు.

"వచ్చే ఆదివారం కూడా ఐదింటికి వస్తాను" అంటూ మామగారు గొడుగు తీసుకుని లేచారు.

ఆర్టిస్టు కూడా బల్ల దిగాడు. ఈసారి గొంతు తగ్గించి అన్నాడు.

"మామగారూ, వస్తానండీ నేను. కానీ ఇరవై కిలోమీటర్లు దాటితే నావల్ల కాదేమోనండీ."

మామగారు ఆగి, అల్లుణ్ణి తల నుంచి కాళ్ల దాకా ఒకసారి తేరిపార చూశారు.

"ఇది నమ్ముతున్నా అల్లుడుగారూ" అన్నారు.