పట్టు పంచతో రంగుల తొట్టికాడికి

"అవ్వా, మీ కాలంలో డిగ్రీ సదివినోళ్ళకు పని యాడ దొరికేది?"

యాడ దొరికేది నాయనా, ఇంట్లో కూసునేవాళ్ళు. మా అన్న మద్రాసులో బీయస్సీ సదివినాడు, అదే, కెమిస్ట్రీ. యుద్ధం కాలం. కిరసనాయిలు గూడా కార్డుకే ఇచ్చేవాళ్ళు. ఆఫీసులకు అర్జీలు పెట్టి పెట్టి యాష్టపడి, పట్టాళంలో సేరిపోతానంటా ఉండె. మా యమ్మకు ముద్ద దిగేది కాదు.

అప్పుడొచ్చినాడు సూడు మునెయ్య మామ. మామంటే సొంత మామ కాదులే, మా కార్వేటినగరంలో తమలపాకులు అమ్మేటాయన. ఊరూరా అంగళ్ళకూ మిల్లులకూ ఆకులేసేవాడు గదా, ఎవురికి ఎట్లాంటి మనిషి కావాల్నో, ఏ ఇంట్లో సదువుకున్నోడు ఊరికే ఉండాడో అంతా తెలుసు. ఇద్దర్నీ కలిపేది ఆయనే. అదీ ఎట్ల? తాంబూలం తట్ట పెట్టి, పెండ్లి సంబంధం మాట్లాడినట్ల! సదువుకున్న పిల్లోడు ఒకరి వాకిట్లో సెయ్యి సాపగూడదనేవాడు.

"అక్కా, రేపు నగరి ఊరికి పోవాల. పిల్లోడ్ని తయారుచెయ్యి, తాంబూలాలు పుచ్చుకుందాం" అనేసి పోయినాడు. మా యమ్మ పెండ్లిసూపులనుకునె! మా నాయన పట్టు పంచ తీసి కట్టించె, బొట్టు పెట్టె. ఆడికి పోతే ఏముండాది? నూలుకు రంగులేసే కొట్టం! దాని మొదలాళి, అదే యజమాని, మా అన్నను సూసి పకపకా నవ్వినాడంట.

"ఏమప్పా మునెయ్యా, పెండ్లికొడుకును తెచ్చినావే. ఈయన తొట్లో సెయ్యి పెడతాడా?"

మా అన్న పంచ ఎగ్గట్టి, మోసేతి దాకా ముంచి నూలు తీసి సూసినాడు. యాడజూసినా మచ్చలు. "రంగుది తప్పు కాదు, మీ బావివి సవుడు నీళ్ళు. మంచినీళ్ళు తెప్పించండి" అన్నాడు. తెప్పించి ఏస్తే నూలంతా ఒకే ఎరుపు. మొదలాళే లేసి, పని ఖాయమని తాంబూలం అందించినాడు.

ఇంటికొస్తే మా యమ్మ, పంచ పాడుసేసినావని తిట్టి, సంగతి తెలిసి, ఆ ఎర్రసేతిని ఒళ్ళో పెట్టుకోని ఏడ్సేసె. కొడుకు ఊరికాడే ఉంటాడు గదా, అందుకు.

మామకు ఏమన్నా ఇయ్యబోతే, "నా ఆకులు ఇంకో కట్ట అమ్ముడుపోతాయిలే అక్కా" అనేసేవాడు. అట్లాంటి మనిసిని నేను మళ్ళా సూడలా నాయనా.

కొన్నాళ్ళకు ఆ మొదలాళే బండి కట్టుకోని మామ ఇంటికొచ్చినాడు. "మునెయ్యా, ఇట్లాంటోడు ఇంకొకడుండాడా?" అని. అడిగేది ఎప్పుడూ మామే, ఆ పొద్దు మామను అడగను వచ్చినారు. ఆయన మొకం సూడాల్సింది నువ్వు...

నీకూ అట్లాంటోరు ఎదురుపడాల. పడకపోతే, నువ్వే ఎవురికన్నా అట్లాంటోడివి అవ్వు. సల్లంగా ఉండు నాయనా.