ఎర్ర పొట్టోడి పక్కన పూలకొట్టు

హలో… ఆ, నేనే మాట్లాడేది. ఎవరూ?… పిన్నీ! పూలకొట్టు పిన్నీ! గొంతు పోల్చుకోలేకపోయాను, జలుబు చేసిందా?…

ఏడ్చారా…

చెప్పండి, పర్లేదు. క్లినిక్‌లోనే ఉన్నా. డాక్టర్‌గారు లోపల ఎవరిదో పన్ను పీకుతున్నారు, ఇప్పుడప్పుడే నన్ను పిలవరు.

…ఆ. తెలుసు. మునిసిపాలిటీ వాళ్ళు కొట్టు తీసేశారని తెలుసు. పొద్దున బస్సులోంచి చూశాను. బకెట్లన్నీ బోర్లించి ఉన్నాయి…

దిగలేదు పిన్నీ. పనికి ఆలస్యమవుతుందని — కాదు, ఆలస్యమేం కాలేదు. దిగలేకపోయాను.

ఏమన్నారు వాళ్ళు?… ఫైర్ హైడ్రంట్‌కి అడ్డమనా?… అదే, మన ఎర్ర పొట్టోడే. అవును, ఎక్కడైనా అంటుకుంటే ఫైరింజన్ వాళ్ళు పైపు తగిలించుకునేది వాడికే… నిజమే, ఇన్నేళ్ళూ ఒక్కడూ అడగలేదు.

నేనా?… తీస్తాను, అవును. హైడ్రంట్ల ఫొటోలే, కనబడినదల్లా… పిచ్చే పిన్నీ, మా అన్నయ్య కూడా అదే అంటాడు. బడి గోడ పక్కన ఒకటి, బట్టల షాపు మెట్ల కింద సగం కూరుకుపోయి ఒకటి… అందరూ పక్కనుంచే పోతారు, ఒక్కరూ దాని మొహం చూడరు. అందుకని…

కొట్టు ఫొటో ఉందా అనా?… ఆఫీసర్‌కి చూపిస్తారా? ఎవరికీ అడ్డం లేదు చూడండి అని…

పిన్నీ… ఆ ఫొటో వాళ్ళ దగ్గరే ఉంది.

అంటే — ఒక్క నిమిషం, నన్ను చెప్పనివ్వండి, లేకపోతే మళ్ళీ నోరు పెగలదు. మునిసిపల్ ఆఫీసు వాళ్ళు మన వీధుల మీద ఫొటోల పోటీ పెట్టారు. నేను పంపాను. పొట్టోడిదే. మీరు వాడి నెత్తిన తడిగుడ్డ ఆరేసి, లిల్లీల బకెట్ వాడికి ఆనించారే, ఆ రోజుది… మొదటి బహుమతి వచ్చింది. పెద్దది చేసి వాళ్ళ హాల్లో తగిలించారు. వచ్చేపోయే ఆఫీసర్లంతా చూశారు. అందులో ఒకాయన పూలు చూడలేదు… అడ్డం చూశాడు.

పిన్నీ?…

తిట్టండి… అవును… అవును, మిమ్మల్ని ఒక్క మాట అడగలేదు. బహుమతి వచ్చాక కేకు పట్టుకొచ్చి చెబుదామనుకున్నాను. నా సంబరమే నాది…

లేదు పిన్నీ, వాళ్ళది తప్పని కూడా అనలేను. మీ వెనక మేడ మీద పిల్లల డాన్సు క్లాసుంది కదా. రేపక్కడేదైనా అంటుకుంటే?… అదే నన్ను తినేస్తోంది. పోనీ వాళ్ళని తిట్టుకుని తేలికపడదామన్నా కుదరట్లేదు.

వినండి. రేపు ఆఫీసుకి నేనూ వస్తాను. పాత చోటే కావాలని అడగొద్దు, ఇవ్వరు. మందుల షాపు పక్క గోడ వారన చోటు అడుగుదాం… ఖాళీయే. ఈ పేటలో హైడ్రంట్లు ఎక్కడున్నాయో నాకు తెలుసు పిన్నీ, ఎక్కడ లేవో కూడా తెలుసు. అటువైపు బస్టాపు నుంచి మలుపు దాకా ఒక్కటీ లేదు.

…ఎండా? కొడుతుంది, అవును. పూలు వాడిపోతాయి. గొడుగు వేద్దాం… ఇస్తారో ఇవ్వరో నాకూ తెలీదు. నా ఫొటో చూసే మీ కడుపు కొట్టారని ఆ ఆఫీసర్ మొహం మీదే చెబుతాను. బహుమతి ఇచ్చినందుకైనా కాసేపు వింటారు కదా.

…వద్దులెండి. క్షమించానని ఇప్పుడప్పుడే అనకండి. నాకే నమ్మకం కుదరదు.

ఆ?… బకెట్లు మొయ్యాలా? మోస్తాను. ఎక్కడికంటే అక్కడికి.

ఏంటీ?… ఆ ఫొటో మీకొకటి కావాలా? ఎందుకు పిన్నీ, మళ్ళీ దాన్ని చూసి —

…ఓ. కొట్టుది ఇంకో ఫొటోయే లేదా? ఒక్కటి కూడా?… బాబాయ్ స్వయంగా రంగులేసిన తలుపా… అదీ విరగ్గొట్టేశారా…

తెస్తాను. పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి తెస్తాను.

కోసేయాలా?… ఎవర్ని, ఫొటోలోంచి పొట్టోణ్ణా?…

సరే. కోసేస్తాను పిన్నీ. కొట్టొక్కటే ఉంటుంది… లిల్లీల బకెట్ వాడి మీదే ఆని ఉంది, వాడితో పాటు అదీ పోతుంది మరి…

పోతే పోనీ అంటారా… సరే… అట్లాగే…

హలో?… పిన్నీ?… పెట్టేశారా?…